పాత వేట తుపాకీ బట్ పగిలితే: జిగురా, ఇత్తడి మరా, రాగి తీగా, కొత్త కొయ్యా?

తాతల నాటి పన్నెండు బోర్ గన్‌లోనైనా, ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 రైఫిల్‌లోనైనా ఇనుము కంటే ముందు చెడేది కట్టె. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట పోయింది, తుపాకులు బీరువాల్లోకి చేరాయి. విశాఖ గాలిలో బీరువా కూడా క్షేమం కాదు. ఉప్పు తేమ మరలను తినేస్తుంది. బ్యారెల్‌కు రాసిన నూనె ఏళ్ల తరబడి కిందికి కారి కట్టెలో ఇంకిపోతుంది. ఎప్పుడో ఒకనాడు తీసి పేల్చితే మెడ దగ్గర టప్పున పగులుతుంది.

పగిలిన బట్‌ను బాగుచేసే నాటు పద్ధతులు చాలానే ఉన్నాయి. వాటిలో కొన్ని చూడ్డానికి మొరటుగా ఉన్నా యాభై ఏళ్లు నిలుస్తాయి. కొన్ని నున్నగా మెరుస్తూ పదో తూటాకే విడిపోతాయి. ఏ పగులుకు ఏది సరిపోతుంది, ఏది సరిపోదు, ఎందుకు అన్నదే ఇక్కడి విషయం.

మొదట చట్టం సంగతి. ఇదంతా లైసెన్సున్న తుపాకీకే. నాటు తుపాకీకి ఏ మరమ్మతూ లేదు, దాన్ని ఇంట్లో ఉంచుకోవడమే నేరం. లైసెన్సున్నా సరే, 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 తయారీ, అమ్మకాలతో పాటు మరమ్మతుకూ వేరే లైసెన్సు అడుగుతుంది. బ్యారెల్ పొట్టి చేయడం సెక్షన్ 6 కిందికి వస్తుంది. 2019 సవరణ తర్వాత శిక్షలు బాగా పెరిగాయి. అందుకని దారి ఇది: తుపాకీని లైసెన్సున్న డీలర్ దగ్గరికో గన్‌స్మిత్ దగ్గరికో తీసుకెళ్లి, కట్టెను ఆయన చేతే విప్పించండి. ఇనుము అక్కడే రసీదు మీద ఉంటుంది. మీ బల్ల మీదికి వచ్చేది ఉత్త కట్టె. అయ్యాక మళ్లీ ఆయనే బిగిస్తాడు. విశాఖ నగరంలో లైసెన్సు అధికారి పోలీస్ కమిషనర్. అనుమానం ఉంటే ఆ కార్యాలయంలో ముందే అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.

విప్పేవాడికి ఒక మాట గుర్తుచేయండి. .315 రైఫిల్‌కు మూలం లీ ఎన్‌ఫీల్డ్ అనే పాత బ్రిటిష్ సైనిక రైఫిల్. అందులో వెనక బట్ వేరు, బ్యారెల్ కింద ఉండే ముందు కొయ్య వేరు. వెనక బట్‌ను పట్టి ఉంచేది లోపలి పొడవాటి బోల్టు. పాత నంబర్ 1 రకంలో ఆ బోల్టు కొస నలుచదరంగా ఉండి, ముందు కొయ్య వెనక అంచున ఉన్న చిన్న రేకులో కూర్చుంటుంది. ముందు కొయ్య తీయకుండా వెనక నుంచి పొడుగు స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే బోల్టు ఆ రేకును మెలితిప్పుతుంది, బాగున్న ముందు కొయ్య కాస్తా చీలిపోతుంది. చాలా ముందు కొయ్యలు పగిలింది పేల్చడం వల్ల కాదు, ఇలా తప్పుగా విప్పడం వల్లే.

పగులు ఎక్కడుంది, ఎందుకొచ్చింది

జిగురు ఎంచుకునే ముందు ఈ రెండూ తేలాలి. కారణం అలాగే ఉంచి ఎంత గట్టిగా అంటించినా పగులు పక్కన ఇంకోటి పుడుతుంది.

పిడికిలి పట్టే సన్నటి చోటును మెడ అందాం. అక్కడ అడ్డంగా విరిగిందంటే సాధారణంగా తుపాకీ కింద పడి ఉంటుంది. మెడ దగ్గర కట్టె నార వాలుగా ఉంటే ఆ వాలు వెంటే తెగుతుంది. మెడ పైభాగాన, ఇనుము వెనక నుంచి నిలువుగా మొదలయ్యే పగులు మాత్రం దెబ్బ వల్ల వచ్చింది కాదు. ఇనుము నుంచి తోకలా కట్టెలోకి దిగే పట్టీని ట్యాంగ్ అంటారు. దాని వెనక అంచు కట్టెకు ఆనుకుని ఉంటే, పేల్చిన ప్రతిసారీ అది మేకులా కట్టెను చీలుస్తుంది. ఒకే కొయ్యతో చేసిన బోల్ట్ యాక్షన్ రైఫిళ్లలో పేల్చినప్పటి తన్నును మోయాల్సింది ముందున్న లగ్, అంటే ఇనుము కింద పొడుచుకొచ్చి కట్టెలో కూర్చునే దిమ్మ. లగ్ వెనక కట్టె నలిగిపోతే ఇనుము వెనక్కి జరుగుతుంది, బరువంతా ట్యాంగ్ మీద పడుతుంది. అప్పుడు పగులు మెడలో కనిపించినా రోగం లగ్ దగ్గర ఉన్నట్టు. డబుల్ బ్యారెల్ గన్‌లో బట్ తల ఇనుము వెనక తలానికి నిండుగా ఆనాలి. ఒక పక్కే ఆనితే ఆ పక్కే చీలుతుంది.

మడమ కింది కొన చిట్లడం చిన్న విషయం. తుపాకీని గచ్చు మీద నిలబెట్టే అలవాటు వల్ల వస్తుంది. దానికి మామూలు అతుకు చాలు.

ఇక నూనె. విప్పిన కట్టె తలను చూడండి. ఇనుము తగిలే చోట నల్లగా, మెత్తగా, గోరు దిగేలా ఉంటే అది నూనె తాగిన కట్టె. పరీక్ష కావాలంటే టిష్యూ కాగితం పరిచి దాని మీద గోరువెచ్చటి ఇస్త్రీ పెట్టె పది సెకన్లు ఉంచండి. కాగితం మీద జిడ్డు మరక పడితే దాని మీద ఏ జిగురూ నిలవదు. తుపాకీని బట్ కిందికి పెట్టి నిలబెట్టి, బ్యారెల్‌లో నూనె దండిగా పోసే ఇళ్లలో ఇది తప్పదు.

నూనె తీయడం, అందరూ దాటేసే పని

వైటింగ్ పొడి, అంటే మెత్తటి సుద్ద పొడి, పెయింట్ షాపుల్లో దొరుకుతుంది. దాన్ని అసిటోన్‌తో పెరుగంత చిక్కగా కలిపి, నల్లబడ్డ చోట అర సెంటీమీటరు మందాన పూయండి. అసిటోన్ నూనెను కరిగిస్తుంది, ఆరేటప్పుడు సుద్ద దాన్ని పీల్చుకుంటుంది. ఎండలో ఆరితే ఇంకా మంచిది. వేడికి లోపలి నూనె పైకి ఊరుతుంది. తెల్లగా పూసింది గోధుమ రంగుకు తిరుగుతుంది. బ్రష్‌తో రాల్చేసి మళ్లీ పూయండి. పూత ఆరాక కూడా తెల్లగానే మిగిలేదాకా ఆపొద్దు. బాగా నూనె తాగిన తలకు నాలుగు నుంచి ఆరు పూతలు పడతాయి. ఇదంతా గాలి ఆడే చోట, పొయ్యికీ బీడీకీ దూరంగా చేయాలి.

అసిటోన్ బదులు కిరోసిన్ వాడేవాళ్లున్నారు. అది తనే జిడ్డు వదులుతుంది, ఒక నూనె తీసి ఇంకో నూనె పెట్టినట్టు. పెట్రోలు మాట ఎత్తకపోవడం మంచిది.

కట్టె మీద సొట్టలుంటే అవి కూడా జిగురుకు ముందే లేపాలి. తడి గుడ్డ వేసి వేడి ఇస్త్రీ పెట్టెతో ఆవిరి పట్టిస్తే నొక్కుకుపోయిన నార ఉబ్బుతుంది. అతికించాక ఈ పని చేస్తే ఆవిరి వేడికి ఎపాక్సీ, అంటే రెండు భాగాలు కలిపి వాడే జిగురు, మెత్తబడుతుంది.

జిగురుల్లో ఏది?

ఇంట్లో ఉండేది మామూలు తెల్ల ఫెవికాల్. శుభ్రమైన కట్టెకు, అంచులు సరిగ్గా కలిసిపోయే తాజా విరుపుకు అది చెడ్డదేం కాదు. మడమ కొన చిట్లినప్పుడు అదే చాలు. కానీ దానికి రెండు లోపాలు. తేమకు మెత్తబడుతుంది, ఎడతెగని బరువు కింద మెల్లగా జారుతుంది. మెడ దగ్గర వాడితే మొదట బాగానే ఉంటుంది, ఒక వానాకాలం గడిచాక గీత మళ్లీ కనిపిస్తుంది. ఫెవికాల్ మెరైన్ నీటిని కొంత తట్టుకుంటుంది. అయినా నూనె తాగిన చోట, సందు ఉన్న చోట రెండూ పనికిరావు. ఈ జాతి జిగురుకు సందు నింపే గుణం లేదు.

ఫెవిక్విక్ నీళ్లలా ఉంటుంది కాబట్టి వెంట్రుక మందం పగుళ్లలోకి తనంతట తనే పాకుతుంది. పగులు ముందుకు పాకకుండా ఆపడానికి కొసన ఒక చుక్క వేయడం తెలివైన పని. అంతకు మించి నమ్మొద్దు. ఎండాక గాజులా పెళుసు, తుపాకీ తన్నుకు చిట్లుతుంది. పైగా ఒకసారి పగులులోకి పోతే తర్వాత ఎపాక్సీ దిగే దారి మూసుకుపోతుంది.

ఎం సీల్ పూసి, రంగు కొట్టి, పగులే లేనట్టు చూపించిన బట్‌లు సెకండ్ హ్యాండ్‌లో కనిపిస్తాయి. పైన పటారం, లోన లొటారం. అది పుట్టీ. చిట్లి పోయిన పెచ్చు స్థానాన్ని పూడ్చడానికే తప్ప పగులులోకి దిగదు.

ఫిషింగ్ హార్బర్ వైపు ఫైబర్ పడవలు బాగుచేసేవాళ్ల దగ్గర రెసిన్ చవగ్గా దొరుకుతుంది. పడవంత బరువు మోసేది తుపాకీని మోయదా అనిపిస్తుంది. ఆ పడవల పనిలో ఎక్కువగా నడిచేది పాలియెస్టర్ రెసిన్. దాని బలమంతా లోపలి గాజు నారలో ఉంది. నార లేకుండా ఉత్త రెసిన్‌ను కట్టె పగులులో పోస్తే ఎండేటప్పుడు కుంచించుకుపోయి అంచుల నుంచి ఊడి వస్తుంది. పాలియెస్టర్ వద్దు. ఎపాక్సీ రెసిన్ అయితేనే తీసుకోండి, డబ్బా మీద చదివి మరీ.

మిగిలింది రెండు ట్యూబుల అరల్డైట్, ఇదీ ఎపాక్సీయే. ఇందులోనూ రెండు రకాలు. ఐదు నిమిషాల్లో గట్టిపడేది తొందరకు బాగుంటుంది, కానీ పగులు అడుగుదాకా దిగే లోపే చిక్కబడుతుంది, వేడికీ తేమకూ తొందరగా లొంగుతుంది. మెడ పగులుకు ఎప్పుడూ నెమ్మదిగా గట్టిపడే స్టాండర్డ్ రకమే. ట్యూబుల నుంచి సమానంగా తీసి కలపాలి. కంటి అంచనాతో హార్డెనర్, అంటే గట్టిపరిచే ట్యూబు, కాస్త ఎక్కువైతే తొందరగా పడుతుందనేది అపోహ. ఎక్కువైనా తక్కువైనా అది రబ్బరులా మిగిలిపోతుంది.

అంటించే పద్ధతి

ముందు జిగురు లేకుండా ఒకసారి కట్టి చూడండి. మెడ గుండ్రంగా, వంకరగా ఉంటుంది కాబట్టి వడ్రంగి క్లాంపు జారుతుంది. పాత సైకిల్ ట్యూబును రెండు సెంటీమీటర్ల వెడల్పున పొడుగ్గా కోసి, లాగి లాగి చుట్టడమే ఉత్తమం. అన్ని వైపుల నుంచీ సమానంగా నొక్కుతుంది, కట్టెకు గాటు పడదు. పగులు పూర్తిగా మూసుకుందా చూడండి. మూసుకోకపోతే లోపల పెచ్చు విరిగి అడ్డం పడి ఉంటుంది. సన్నటి బ్లేడుతో దాన్ని తీసేయాలి.

తర్వాత పది గ్రాముల అరల్డైట్ కలపండి, మూడు నిమిషాలు తిప్పండి. మెడ పగులులోకి పోయేది అందులో సగమే, మిగతాది కింద చెప్పే ఇత్తడి పిన్నులకు. కట్టెను హెయిర్ డ్రైయర్‌తో చేతికి వెచ్చగా తగిలేదాకా కాచండి. వేడెక్కిన కట్టె రంధ్రాల్లో గాలి వ్యాకోచిస్తుంది, జిగురు పెట్టాక చల్లారుతూ కుంచించుకుంటుంది, జిగురును తనతో పాటు లోపలికి లాక్కుంటుంది. వెచ్చటి కట్టె మీద అరల్డైట్ కూడా పలచబడి నూనెలా పారుతుంది.

పగులును పలచటి ప్లాస్టిక్ ముక్కతో అర మిల్లీమీటరు తెరిచి ఉంచండి. పళ్ల మధ్య శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారాన్ని జిగురులో ముంచి పగులులో పెట్టి, రంపంలా ముందుకూ వెనక్కూ లాగండి. ప్రతి లాగుకూ కొంత జిగురు లోపలికి పోతుంది. కాసేపటికి అవతలి వైపు సన్నటి తేనె గీతలా జిగురు ఊరుతుంది. అది కనిపించేదాకా చాలనుకోవద్దు. పైన మాత్రమే జిగురున్న పగులు లోపల ఇంకా పగులే.

ప్లాస్టిక్ ముక్క తీసి, పైన వంటింటి ప్లాస్టిక్ పొర ఒక చుట్టు వేసి, దాని మీద సైకిల్ ట్యూబు బిగించండి. పొర లేకపోతే ట్యూబు కూడా అతుక్కుంటుంది. చుట్టే ముందే, బయటికి ఊరిన జిగురును వెనిగర్ తడిపిన గుడ్డతో తుడిచేయాలి. గట్టిపడ్డాక గీకాల్సి వస్తే పాత పాలిష్ కూడా ఊడుతుంది. ఇరవై నాలుగు గంటలు కదపొద్దు. డిసెంబరులో రాత్రి చల్లగా ఉంటే ఇంకో పన్నెండు గంటలు కలపండి. మే నెల మధ్యాహ్నం మాత్రం కలిపిన జిగురు గిన్నెలోనే ముందుగా చిక్కబడుతుంది, పొద్దున్నే పని మొదలుపెట్టడం మేలు.

ఇత్తడి పిన్ను ఎప్పుడు

కట్టె నార వెంట నిలువుగా పగిలి, రెండు సగాలూ సరిగ్గా కలిసిపోతే ఎపాక్సీ ఒక్కటే చాలు. మెడ అడ్డంగా విరిగితే, వాలుగా తెగితే, లేదా పాత జిగురు పని ఒకసారి విఫలమై ఉంటే లోపల లోహం కావాలి.

నాటు పద్ధతిలో దీనికి ఇనప మేకు కొడతారు. దానికంటే ఏమీ చేయకపోవడం నయం. మేకు దిగేటప్పుడే కట్టెను చీలుస్తుంది. తర్వాత సముద్రపు తేమకు తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బి మళ్లీ చీలుస్తుంది. అక్రోటు కట్టెలోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిసి చుట్టూ సిరా మరకలా నల్లబడుతుంది, అది ఏ ఎమెరీ పేపరుకూ పోదు.

ఇత్తడి థ్రెడ్ రాడ్ అయితే ఈ బాధలేవీ లేవు. మరలు ఎపాక్సీకి పట్టు ఇస్తాయి. హార్డ్‌వేర్ షాపులో దొరక్కపోతే గాజువాక ఆటోనగర్ లేత్ పనివాళ్లు ఇత్తడి కడ్డీకి మర వేసి ఇస్తారు. అడ్డంగా విరిగిన మెడకు 4 మిల్లీమీటర్ల రాడ్, 60 నుంచి 75 మిల్లీమీటర్ల పొడవు, మెడ వెంట నిలువుగా వెళ్లాలి. రంధ్రం 4.5 మిల్లీమీటర్లు. బిగుతుగా మర పట్టేలా చిన్న రంధ్రం వేస్తే కట్టె చీలుతుంది, జిగురుకు చోటూ ఉండదు. నిలువు పగులుకు అడ్డంగా వేసే పిన్నులు 3 మిల్లీమీటర్లు, రంధ్రం 3.5. రెండు పిన్నులు వేస్తే ఒకటి అటు వాలుగా, ఒకటి ఇటు వాలుగా ఉండాలి. సమాంతరంగా వేసిన రెండూ ఒకే దిశలో జారే అవకాశం ఉంది.

రంధ్రం వేసే చోటు ముందు పెన్సిల్‌తో గీసి, ట్రిగ్గర్ మెకానిజం కూర్చునే గుంట ఎక్కడుందో కొలుచుకోండి. గుంటలోకి బిట్ పొడుచుకొస్తే రేపు పిన్ను కొస ఇనుముకు తగులుతుంది, అది ప్రమాదం. డ్రిల్ బిట్‌కు కావలసిన లోతు దగ్గర టేపు చుట్టడం పాత ఉపాయం, ఇక్కడ తప్పనిసరి.

రంధ్రంలో దుమ్ము ఊదేసి, సగం దాకా ఎపాక్సీ నింపి, రాడ్‌ను మెల్లగా తిప్పుతూ దించండి. ఒక్కసారిగా నొక్కితే కింద చిక్కిన గాలి జిగురును పైకి తన్నేస్తుంది, అడుగు ఖాళీగా ఉంటుంది. రాడ్ తల కట్టె ఉపరితలం కంటే 5 మిల్లీమీటర్లు లోపలికి పోవాలి. ఆ గుంటను అదే రంగు కట్టెతో చేసిన చిన్న బిరడాతో మూసేస్తే, నార దిశ కలిపితే, వెతికితే తప్ప కనిపించదు.

ముందు కొయ్య విషయంలో సిగ్గు పడాల్సిన పనే లేదు. ఇషాపూర్ ఫ్యాక్టరీలోనే లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ల ముందు కొయ్య చీలకుండా ఒక అడ్డ మరను బయటికి కనిపించేలానే వేసేవారు. తుపాకుల సేకర్తలు దాన్ని ఇషాపూర్ స్క్రూ అనే పిలుస్తారు. పగలక ముందే వేసిన మరమ్మతు అది.

చుట్టడం: తీగ, తోలు, వల దారం

కొన్ని మెడల్లో రాడ్ దించేంత మంచి కట్టె మిగలదు. నాలుగైదు ముక్కలై, లోపల నూనెకు కుళ్లి ఉంటుంది. అప్పుడు బయటి నుంచి కట్టు వేయాలి. అందం చెడుతుంది. అందుకే చాలామంది ఇటు రారు, రావలసినవాళ్లు కూడా.

ఇక్కడా ఫ్యాక్టరీలే దారి చూపించాయి. రైఫిల్ నుంచి గ్రెనేడ్ విసిరేందుకు కేటాయించిన ఎన్‌ఫీల్డ్‌లకు ముందు కొయ్య చుట్టూ రాగి తీగ వరస వరసగా చుట్టి, టంకం పెట్టి పంపేవారు. ఒకవేళ కట్టె చీలినా ముక్కలు విడిపోకుండా ఉండాలని. ఆ పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది. పూత లేని మెత్తటి రాగి తీగ ఒక మిల్లీమీటరు మందానిది, ఎపాక్సీతో అతికించి ఎండిన మెడ మీద, చుట్టు పక్కన చుట్టు సందు లేకుండా చుట్టాలి. తీగ రెండో కొసను బల్లకు బిగించి, బట్‌ను తిప్పుతూ చుడితే బిగువు తగ్గదు. టంకం చిన్న చిన్న చుక్కలుగా, రెండు మూడు చోట్ల మాత్రమే. ఎక్కువసేపు కాలిస్తే కింది ఎపాక్సీ పోతుంది.

పచ్చి తోలు చుట్టడం చాలా పాత పద్ధతి. తడి తోలు మెడకు కుట్టి ఆరబెడితే ముడుచుకుని ఇనప కడియంలా పట్టేస్తుంది. ఎండ దేశానికి అది భేషైన మందు. విశాఖలో మాత్రం వానాకాలం డప్పు చర్మం సంగతి తెలిసిందే కదా, మోగాలంటే మంట దగ్గర కాయాలి. తుపాకీ మెడను ఎవరు కాస్తారు? తోలు వదులవుతుంది, దాని కింద తేమ చేరి బూజు పడుతుంది. అలంకారానికి తప్ప వద్దు.

వల దారాలు హార్బర్ దగ్గర కావలసినన్ని. నైలాన్ దారం తడికి సాగుతుంది, లాగుడుకు సాగుతుంది, కాబట్టి కట్టు బిగువు పోతుంది. మెరిసే ప్లాస్టిక్ వల తాడుకు ఎపాక్సీ అతుక్కోనే అతుక్కోదు. దారమే చుట్టాలనుకుంటే నూలు దారం మంచిది. అది ఎపాక్సీని తాగి గట్టి తొడుగులా ఎండుతుంది. రాగి తీగ అంత బలం రాదు, చేతికి మాత్రం హాయిగా ఉంటుంది.

కొత్త కొయ్య చేయించడం

మంచి వడ్రంగి దొరికితే ఇది ఆకర్షణీయంగా కనిపిస్తుంది. కానీ నిలువు పగులు ఒక్కటి ఉన్నందుకు బట్ మొత్తం మార్చడం గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడం. పాత బట్ మీద ఏ సంస్థానం ముద్రో, ఫ్యాక్టరీ గుర్తో ఉంటే దాని విలువంతా అక్కడే ఉంది. విజయనగరం, బొబ్బిలి, జయపురం వంటి సంస్థానాలున్న ప్రాంతం ఇది. ముద్ర ఉన్న చోట ఎమెరీ పేపరు కూడా తగలనివ్వొద్దు.

నిజంగా మార్చాల్సిందే అయితే కట్టె ఎంపికే సగం పని. అక్రోటు తేలికగా, గట్టిగా, తన్నుకు ఓర్చుకునేలా ఉంటుంది. టేకు ఇక్కడ సులువుగా దొరుకుతుంది, చెదలు పట్టదు, కానీ దాని సహజ నూనె వల్ల జిగురు పట్టదు, నార వెంట సులువుగా చీలుతుంది. ఇరుగుడు గట్టిదే కానీ తుపాకీ ముందు వెనకల తూకం మారిపోయేంత బరువు. ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్ర చెక్కడానికి వెన్నలా ఉంటుందని ఆశపడేవాళ్లుంటారు, అది బొమ్మలకే.

వడ్రంగికి చెప్పాల్సిన మాట ఒక్కటే: మెడ దగ్గర నార మెడ వెంట పోవాలి, అడ్డంగా దాటకూడదు. బట్ వెనక భాగంలో పువ్వుల్లాంటి నార ఎంత అందంగా ఉన్నా సరే, మెడలో నిటారు నార లేకపోతే ఆ పలక వెనక్కిచ్చేయండి. ఐదేళ్లు ఆరిన కట్టె కావాలి. పచ్చి కట్టె చెక్కాక మెలితిరుగుతుంది.

పైపూత

చెప్పేదేం ఎక్కువ లేదు. లక్క పాలిష్ తొందరగా మెరుపు తెస్తుంది, చెమట చేయి తగిలితే తెల్లబారుతుంది. మెలమైన్, పాలీయురిథేన్ నీటిని బాగా ఆపుతాయి, కానీ గీత పడితే ఆ ముక్క ఒక్కటే సరిచేయడం కుదరదు. అవిసె నూనె నెమ్మది, అయినా పాత తుపాకీకి అదే సరైనది. పచ్చి అవిసె నూనె వానాకాలంలో వారాలైనా ఆరదు, బూజుకు మేతవుతుంది. ఉడికించిందే కొనండి. మొదటి పూతలో మూడో వంతు టర్పెంటైన్ కలిపి, పావుగంటాగి మిగిలింది తుడిచేయాలి. ఆ తర్వాతవి అరచేత్తో రుద్దే పలచటి పూతలు, ఆరో ఏడో, ఒక్కోదానికీ రెండు రోజుల ఎడంతో. ముఖ్యంగా బట్ ప్లేటు కింద, ఇనుము కింద దాగే పచ్చి కట్టె అంచులకు కూడా పూయాలి. తేమ దూరేది అక్కడి నుంచే.

నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయొద్దు. అవిసె నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, ఉండలో ఆ వేడి బయటికి పోక నిప్పు అంటుకుంటుంది. నీళ్లలో ముంచి, తర్వాత బయట పరిచి ఆరేయాలి.

తిరిగి బిగించేటప్పుడు

ట్యాంగ్ వెనక కట్టెకూ ఇనుముకూ మధ్య పోస్టు కార్డు దూరేంత సందు ఉందో లేదో గన్‌స్మిత్ ముందే చూడండి. లేకపోతే అక్కడ ఉలితో పలచగా తీయమనండి. లగ్ వెనక కట్టె నలిగి ఉంటే దాన్ని ఎపాక్సీతో నింపి సరిచేయడం ఆయన పని, అది చేయకుండా బిగిస్తే మెడ పగులు వెనక్కి వస్తుంది. మరలు మొదటి కొన్ని వారాల్లో కొంచెం వదులవుతాయి, ఒకసారి చూపించాలి.

కట్టె పని చేయించుకుంటున్నారు కదా అని వదులైన డబుల్ బ్యారెల్ కీలుకు రేకు ముక్క పెట్టడం, అరిగిన ట్రిగ్గర్ పళ్లను ఆకురాయితో గీకడం, బ్యారెల్ సొట్టకు వెల్డింగు చేయించడం లాంటి నాటు వైద్యాలు జోడించొద్దు. కట్టె విరిగితే చెయ్యి జారుతుంది. ఇనుము విరిగితే ముఖం మీద పేలుతుంది. బ్యారెల్‌కు ఉబ్బు ఉన్నా, లోపల గుంతలు పడ్డా, గన్‌స్మిత్ వద్దన్నా ఆ తుపాకీ గోడకే.

బాగైన తుపాకీని మూసిన కారులో ఎండలో వదలొద్దు. ఆ వేడికి ఎపాక్సీ మెత్తబడుతుంది. తోలు సంచిలో, స్పాంజి పెట్టెలో కూడా నెలల తరబడి ఉంచొద్దు, అవి తేమను పట్టి ఉంచుతాయి. తాళం ఉన్న బీరువాలో, సిలికా జెల్ పొట్లాలతో, బ్యారెల్ మూతి కిందికి, బట్ పైకి పెట్టి, మూతి కింద మందపాటి గుడ్డ పరవండి. కారిన నూనె గుడ్డలోకి పోతుంది.